కాపురమా, జైలా: బొంబాయి కోర్టులో రుఖ్మాబాయి నాలుగేళ్ల పోరు

1887 మార్చి 4న బొంబాయి హైకోర్టులో జస్టిస్ ఫారన్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఇరవై రెండేళ్ల రుఖ్మాబాయి నెల రోజుల్లోగా భర్త ఇంటికి కాపురానికి వెళ్లాలి. వెళ్లకపోతే ఆరు నెలల జైలు. ఆమె ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ కాజేయలేదు. పదకొండేళ్ల వయసులో పెద్దలు చేసిన పెళ్లికి తాను కట్టుబడనని చెప్పడమే ఆమె చేసిన నేరం. ఆ ఇంటికి వెళ్లడం కన్నా జైలుకు వెళ్లడమే తనకు సమ్మతమని ఆమె కోర్టుకు తెలియజేశారు.

భారతదేశంలో వైద్యం చేసిన తొలితరం మహిళా డాక్టర్లలో ఒకరిగా రుఖ్మాబాయి పేరు ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆమె కేసు గురించి మాత్రం ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది. విక్టోరియా రాణి కల్పించుకుని ఆ పెళ్లిని రద్దు చేశారని, దాంతో రుఖ్మాబాయి గెలిచారని చెబుతుంటారు. జరిగింది అది కాదు. కోర్టు రికార్డు ప్రకారం ఆమె ఓడిపోయారు. పెళ్లి రద్దు కాలేదు. ఆమెను జైలు నుంచి తప్పించింది తీర్పు కాదు, డబ్బు కట్టి చేసుకున్న రాజీ. కుటుంబ వివాదం కోర్టు గుమ్మం తొక్కితే ఏమవుతుందో, చట్టం చెప్పేదానికీ చివరికి జరిగేదానికీ ఎంత దూరం ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన కేసు మన దేశ చరిత్రలో దొరకడం కష్టం.

పదిహేనేళ్లకు తల్లి, పదిహేడేళ్లకు వితంతువు

రుఖ్మాబాయి 1864 నవంబర్ 22న బొంబాయిలో పుట్టారు. తండ్రి జనార్దన్ పాండురంగ్, తల్లి జయంతీబాయి. వాళ్లది వడ్రంగం కులవృత్తిగా గల సుతార్ కులం. రుఖ్మాబాయి పుట్టేనాటికి తల్లికి పదిహేనేళ్లు. కూతురికి రెండున్నరేళ్లు వచ్చేసరికి తండ్రి చనిపోయారు. పదిహేడేళ్లకే జయంతీబాయి వితంతువయ్యారు.

బ్రాహ్మణ కుటుంబమై ఉంటే ఆమె జీవితం అక్కడితో ఒక మూలకు చేరేది. సుతార్ కులంలో వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడానికి ఆచారం ఒప్పుకునేది. కొన్నేళ్ల తర్వాత ఆమె డాక్టర్ సఖారాం అర్జున్‌ను పెళ్లాడారు. ఆయన కూడా భార్యను పోగొట్టుకున్నవారే. బొంబాయిలో పేరున్న వైద్యుడు, గ్రాంట్ మెడికల్ కాలేజీలో వృక్షశాస్త్రం బోధించేవారు. మొక్కలంటే, పుస్తకాలంటే, సంస్కరణ భావాలంటే ఆసక్తి ఉన్న ఇల్లు అది. రెండో పెళ్లి సమయంలో మొదటి భర్త ఆస్తిని జయంతీబాయి కూతురి పేరిట రాశారు. ఆ ఆస్తి తర్వాత కోర్టు గొడవలో రెండు పక్షాల నోటా వినిపించింది.

అంతటి ఇంట్లో కూడా రుఖ్మాబాయికి పదకొండేళ్లకే పెళ్లయింది. వరుడు దాదాజీ భికాజీ వయసు పంతొమ్మిది. సఖారాం అర్జున్‌కు బంధువు. పెద్దల మధ్య కుదిరిన ఒప్పందం ఇల్లరికం లాంటిది. దాదాజీ అత్తవారింట్లోనే ఉండాలి, వాళ్ల ఖర్చుతో చదువుకోవాలి, ప్రయోజకుడు కావాలి. పెళ్లయిన కొన్ని నెలలకు రుఖ్మాబాయి రజస్వల అయ్యారు. ఆచారం ప్రకారం గర్భాదానం జరిపించాలి. సవతి తండ్రి డాక్టరు కావడంతో అంత చిన్న వయసులో వద్దని అడ్డుపడ్డారు. ఆ ఒక్క నిర్ణయం తర్వాత జరిగిన కథనంతా మలుపు తిప్పింది.

దాదాజీకి చదువు అబ్బలేదు. అత్తవారిల్లు వదిలి తన మేనమామ నారాయణ్ ధుర్మాజీ ఇంటికి చేరుకున్నారు. ఆరోగ్యం పాడైంది, అప్పులూ అయ్యాయి. ఇటు రుఖ్మాబాయి ఇంటి దగ్గరే చదువుకుంటూ పెరిగారు. బొంబాయిలో స్త్రీల సభలకు వెళ్లారు, ఇంగ్లీషు నేర్చుకున్నారు. పన్నెండేళ్లకు భర్త ఇంటికి వెళ్లడానికి ఇష్టపడని పిల్ల, ఇరవయ్యో ఏట కూడా అదే మాట మీద ఉన్నారు. ఈసారి కారణాలు స్పష్టంగా చెప్పగల స్థితిలో ఉన్నారు.

లాయరు నోటీసుతో మొదలు

1884 మార్చిలో దాదాజీ తరఫున లాయర్ల నుంచి సఖారాం అర్జున్‌కు నోటీసు వచ్చింది. భార్యను తన ఇంటికి పంపాలన్నది దాని సారాంశం. మనిషిని పంపినా రుఖ్మాబాయి కదల్లేదు. సఖారాం అర్జున్ కూడా లాయర్లను పెట్టుకుని జవాబు ఇప్పించారు. దాంతో దాదాజీ దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరుతూ దావా వేశారు. బొంబాయి నగరంలో ఉండేవాళ్ల పెద్ద సివిల్ దావాలు అప్పట్లో నేరుగా హైకోర్టు ఒరిజినల్ సైడ్‌లోనే పడేవి. అంటే పేరుకు హైకోర్టు అయినా, ఈ కుటుంబానికి అదే స్థానిక కోర్టు. తొలి విచారణ జరిగింది అక్కడే.

దావా స్వరూపం చాలా సాదాగా ఉంది. పెళ్లి జరిగింది, భార్య రావడం లేదు, రమ్మని ఆదేశించండి అని వాది కోరారు. పెళ్లి జరగలేదని ప్రతివాది అనలేదు. తనను పోషించే స్థితి ఆయనకు లేదని, ఆయన ఆరోగ్యం బాగా లేదని, ఆయన ఉంటున్న మేనమామ ఇంటి వాతావరణం తాను బతకదగ్గది కాదని రుఖ్మాబాయి వాదించారు. అన్నిటికీ మించి, ఇష్టమో కాదో చెప్పే వయసు రాకముందే జరిగిన పెళ్లికి తనను ఎలా కట్టేస్తారని అడిగారు.

తర్వాత రోజుల్లో దాదాజీ కూడా తన వాదనను ఒక కరపత్రంగా అచ్చు వేయించారు. అమ్మాయి మనసు విరిచింది ఆమె తల్లి, తాతే అని, ఆస్తి చేజారిపోతుందన్న భయంతోనే వాళ్లు అడ్డుపడుతున్నారని ఆయన ఆరోపణ. ఆ ఆస్తి మీద కన్నుతోనే వాళ్లు దావా వేశారని రుఖ్మాబాయి వైపు వారి మాట. ఇప్పటికీ ఏ జిల్లా కోర్టులోనైనా కుటుంబ కేసు ఫైలు తెరిస్తే కనిపించే దృశ్యమే ఇది. పైకి దాంపత్యం, అడుగున ఆస్తి, మధ్యలో అటూ ఇటూ పెద్దలు.

కేసు విచారణకు రాకముందే, 1885లో, సఖారాం అర్జున్ చనిపోయారు. ఇంట్లో అండగా నిలిచిన మనిషి లేకుండానే ఆమె కోర్టును ఎదుర్కోవాల్సి వచ్చింది.

గెలుపు నిలిచింది కొద్ది నెలలే

1885 సెప్టెంబర్‌లో కేసు జస్టిస్ పిన్హే ముందుకు వచ్చింది. ఆయన పదవీ విరమణకు దగ్గరలో ఉన్న న్యాయమూర్తి. సెప్టెంబర్ 21న దావా కొట్టేశారు. ఆయన తర్కం ఇది. పునరుద్ధరణ అంటే ఒకప్పుడు ఉండి, మధ్యలో ఆగిపోయినదాన్ని తిరిగి మొదలుపెట్టడం. ఈ ఇద్దరూ ఏనాడూ కాపురమే చేయలేదు. లేని కాపురాన్ని పునరుద్ధరించడం ఎలా కుదురుతుంది? పైగా ఇలాంటి దావా హిందూ ధర్మశాస్త్రంలో లేదు, ఇంగ్లండ్ నుంచి తెచ్చి పెట్టింది. ఇష్టం లేని మనిషి దగ్గరికి ఒక యువతిని బలవంతంగా పంపడం అనాగరికం, క్రూరం అని కూడా ఆయన అభిప్రాయపడ్డారు.

ఆయన చెప్పిన చరిత్రలో నిజముంది. మధ్యయుగంలో ఇంగ్లండ్‌లో చర్చి కోర్టులు భార్యాభర్తల తగాదాలు చూసేవి. విడాకులు లేని ఆ మత చట్టంలో, విడిపోయిన భార్యనో భర్తనో తిరిగి కలిసి ఉండమని ఆదేశించడమే వాటి చేతిలో ఉన్న మందు. వలస పాలనతో పాటు ఆ మందు ఇక్కడికి వచ్చింది. కలకత్తా నుంచి వెళ్లిన ఒక ముస్లిం దంపతుల కేసులో 1867లో ప్రీవీ కౌన్సిల్ ఇలాంటి దావాలు భారత కోర్టుల్లో చెల్లుతాయని చెప్పింది. డిక్రీని పాటించనివాళ్లను జైలుకు పంపడం, ఆస్తి జప్తు చేయడం లేదా రెండూ చేయడం 1882 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 260వ సెక్షన్ కింద సాధ్యమైంది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఇలాంటి డిక్రీని ధిక్కరించినందుకు జైలుకు పంపే పద్ధతిని ఇంగ్లండ్ 1884లోనే రద్దు చేసుకుంది. రుఖ్మాబాయికి లాయరు నోటీసు వచ్చిన సంవత్సరం అదే. అక్కడ తీసేసిన శిక్ష ఇక్కడ వలస చట్టంలో అలాగే మిగిలిపోయింది. ఇక ఆ శిక్షను హిందూ ధర్మం పేరుతో సమర్థించినవాళ్లు బొంబాయి, పూనాల్లో చాలామంది ఉన్నారు.

తీర్పు వెలువడిన రోజుల్లోనే మరో సంగతి బయటపడింది. ఆ ఏడాది జూన్‌లో, సెప్టెంబర్‌లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఒక హిందూ స్త్రీ పేరిట రెండు లేఖలు అచ్చయ్యాయి. ఒకటి బాల్య వివాహాల మీద, రెండోది బలవంతపు వైధవ్యం మీద. చదువుకునే వయసులో ఆడపిల్ల మెడకు పెళ్లి ఎలా గుదిబండగా మారుతుందో అందులో వివరించారు. వాటిని రాసింది రుఖ్మాబాయే. దాంతో ఇది ఒక ఇంటి గొడవగా మిగల్లేదు. బెహ్రాంజీ మలబారీ తన పత్రికలో ఆమె పక్షాన నిలిచారు. పండిత రమాబాయి మద్దతు పలికారు. బాలగంగాధర్ తిలక్ కేసరిలో తీవ్రంగా విమర్శించారు. ఇంగ్లీషు చదువుల వల్ల హిందూ కుటుంబ వ్యవస్థకు ముప్పు వస్తోందని, తెల్ల న్యాయమూర్తి మన ధర్మంలో తలదూరుస్తున్నారని అటువైపు వాదన. తెల్ల న్యాయమూర్తే తర్వాత అదే ధర్మం పేరుతో ఆమెను జైలుకు పంపుతానన్నప్పుడు వాళ్లకు అది జోక్యంగా కనిపించలేదు.

అప్పీలు, మళ్లీ విచారణ, డిక్రీ

దాదాజీ అప్పీలుకు వెళ్లారు. 1886లో ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ సార్జెంట్, జస్టిస్ బేలీతో కూడిన ధర్మాసనం పిన్హే తీర్పును పక్కన పెట్టింది. హిందూ చట్టం ప్రకారం పెళ్లితోనే భార్యాభర్తల బంధం ఏర్పడుతుందని, కాపురం మొదలైందా లేదా అన్నది దానికి అడ్డం కాదని ధర్మాసనం తేల్చింది. భర్తతో కలిసి ఉండటం భార్య బాధ్యత అయినప్పుడు దాన్ని అమలు చేయించే అధికారం సివిల్ కోర్టుకు ఉందన్నది. సాక్ష్యాల మీద విచారణ జరపాలంటూ కేసును తిప్పి పంపింది.

కొద్ది నెలల కిందట గెలిచిన మనిషి మళ్లీ మొదటి మెట్టుకు వచ్చారు. అప్పటికి న్యాయపరమైన ప్రశ్న తేలిపోయింది కాబట్టి 1887లో జస్టిస్ ఫారన్ ముందు మిగిలింది దాదాపు లాంఛనమే. పేదరికం, అనారోగ్యం లాంటి కారణాలు భార్య కాపురానికి రాకపోవడానికి చట్టం ఒప్పుకునే కారణాలు కావు. ఆమె మనసుకు నచ్చలేదన్నది అసలు కారణమే కాదు. మార్చి 4 నాటి ఉత్తర్వు అలా వచ్చింది.

ఇక్కడ ఆమె ముందు ఉన్న దారులు ఏమిటో చూడాలి. విడాకులు కోరే అవకాశం లేదు. 1869 నాటి విడాకుల చట్టం క్రైస్తవులకు వర్తించేది. హిందువులకు కొన్ని కులాల ఆచారం తప్ప చట్టబద్ధమైన విడాకులు లేవు. దాదాజీ కావాలంటే మరో పెళ్లి చేసుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. ఆమె మాత్రం ఆ పెళ్లిలోనే జీవితాంతం ఉండాలి. డిక్రీకి తలవంచడం, జైలుకు వెళ్లడం, పై కోర్టుకు వెళ్లడం, రాజీ పడటం. ఈ నాలుగే మిగిలాయి.

ఆమె రెండోదానికి సిద్ధపడటమే కోర్టును, ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టింది. కోర్టు ఆదేశాన్ని ధిక్కరించినందుకు చదువుకున్న ఒక హిందూ యువతిని జైల్లో పెడితే ఇంగ్లండ్‌లో ఏమనుకుంటారో అధికారులకు తెలుసు. 1887 ఏప్రిల్‌లో లండన్ టైమ్స్‌లో ఆమె లేఖ అచ్చయింది. బాల్య వివాహాల నుంచి ఆడపిల్లలను కాపాడాలని ఆమె రాణికి విన్నవించుకున్నారు. రాణి పెళ్లిని రద్దు చేశారన్న కథ పుట్టింది బహుశా ఈ విన్నపం నుంచే. బొంబాయిలో ఆమె పక్షాన ఒక రక్షణ కమిటీ ఏర్పడి కోర్టు ఖర్చులకు చందాలు వసూలు చేసింది. ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లాలన్న మాట వచ్చింది. నెల గడువు దాటిపోయినా ఆమెను ఎవరూ జైలుకు తీసుకెళ్లలేదు.

సివిల్ కోర్టులో పనిచేసేవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. డిక్రీ రావడం ఒక ఎత్తు, దాన్ని అమలు చేయించుకోవడం మరో ఎత్తు. పొలం మీద డిక్రీ వస్తే అమీనాను పంపి స్వాధీనం ఇప్పించవచ్చు. మనిషి మీద వచ్చిన డిక్రీని ఎలా అమలు చేస్తారు? జైలు భయం పని చేసేంతవరకే అది పని చేస్తుంది. ఆ భయం లేదని అవతలి మనిషి చెప్పేస్తే డిక్రీ పట్టుకున్న వ్యక్తి చేతిలో మిగిలేది కాగితమే.

1888 జూలైలో ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి. కోర్టు ఖర్చుల కింద దాదాజీకి రెండు వేల రూపాయలు ఇచ్చారు. డిక్రీ అమలు చేయించనని ఆయన ఒప్పుకున్నారు. నాలుగేళ్ల వ్యాజ్యం అక్కడితో ముగిసింది. తీర్పు మారలేదు, చట్టం మారలేదు, పెళ్లి చట్టం దృష్టిలో అలాగే ఉంది. అయినా ఆమె తన దారిన తాను బయటకు నడిచారు.

కోర్టు నుంచి ఆసుపత్రికి

వైద్యం చదవాలన్న కోరిక రుఖ్మాబాయికి అప్పటికే ఉంది. బొంబాయి కామా ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టర్ ఎడిత్ పీచీ ఆమెను ప్రోత్సహించి, చందాలు పోగుచేయడంలో సాయపడ్డారు. పీచీ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో స్త్రీలకు వైద్య విద్య కోసం పోరాడిన తొలి బృందంలో ఒకరు. 1889లో రుఖ్మాబాయి ఇంగ్లండ్ వెళ్లి లండన్ మహిళా వైద్య పాఠశాలలో చేరారు. 1894లో చదువు పూర్తి చేశారు. బ్రస్సెల్స్ నుంచి ఎండీ పట్టా పొందారు.

ఆమె ఇంగ్లండ్‌లో ఉండగానే ఇక్కడ ఒక చట్టం వచ్చింది. పెళ్లైనా కాకపోయినా ఆడపిల్లతో లైంగిక సంబంధానికి కనీస వయసును పదేళ్ల నుంచి పన్నెండేళ్లకు పెంచుతూ 1891లో సమ్మతి వయసు చట్టం చేశారు. 1890లో కలకత్తాలో పది పదకొండేళ్ల ఫూల్‌మణి భర్త చేతిలో ప్రాణాలు కోల్పోవడం దానికి తక్షణ కారణం. రుఖ్మాబాయి కేసు రగిలించిన చర్చ, మలబారీ నడిపిన ప్రచారం దానికి ముందే నేలను సిద్ధం చేశాయి. తిలక్ ఆ చట్టాన్ని కూడా వ్యతిరేకించారు.

భారత్‌కు తిరిగి వచ్చాక ఆమె సూరత్‌లో స్త్రీల ఆసుపత్రి బాధ్యతలు తీసుకున్నారు. పురుష డాక్టరు ముందు పరదా తీయని ఆడవాళ్లు, కాన్పంటే మంత్రసాని తప్ప మరో దారి తెలియని కుటుంబాలు, ఆసుపత్రి అంటే చావడానికి వెళ్లే చోటన్న నమ్మకం. వీటి మధ్య ఏళ్లకేళ్లు పనిచేశారు. 1918లో ప్రభుత్వ మహిళా వైద్య సేవలో చేరమని ఆహ్వానం వస్తే వద్దని, రాజ్‌కోట్‌లో స్త్రీల ఆసుపత్రికి వెళ్లారు. మొత్తం మీద సుమారు 35 ఏళ్ల సర్వీసు తర్వాత విరమించి బొంబాయి చేరుకున్నారు. 1929లో పరదా పద్ధతిని ఎందుకు తొలగించాలో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం రాశారు. శారదా చట్టం ఆడపిల్లల పెళ్లి వయసును పద్నాలుగుగా నిర్ణయించింది కూడా ఆ ఏడాదే.

ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1904లో దాదాజీ చనిపోయినప్పుడు ఆమె వితంతువులా తెల్లచీర కట్టుకున్నారని చరిత్రకారులు రాశారు. భర్తగా ఏనాడూ ఒప్పుకోని మనిషి కోసం ఆ చీర ఎందుకు కట్టారన్నది చాలామందికి అర్థం కాదు. సమాజం మధ్య, సంప్రదాయ కుటుంబాల స్త్రీలకు వైద్యం చేస్తూ బతకాల్సిన ఒంటరి మహిళ ఆమె. చట్టం లెక్కలో ఆమె అప్పటిదాకా దాదాజీ భార్యే. రాజీ పత్రం ఆమెను జైలు నుంచి తప్పించింది కానీ ఆ హోదా నుంచి తప్పించలేదు. విడాకులు లేని చట్టం మనిషి మీద ఎంత కాలం నీడలా ఉంటుందో ఆ తెల్లచీర చెబుతుంది.

ఆమె పోయాక కూడా ఆ చట్టం

రుఖ్మాబాయి 1955 సెప్టెంబర్ 25న కన్నుమూశారు. అప్పటికి ఆమెకు తొంభై ఏళ్లు దాటాయి. దానికి నాలుగు నెలల ముందు, మే 18న, హిందూ వివాహ చట్టం అమల్లోకి వచ్చింది. హిందూ స్త్రీకి మొదటిసారి దేశమంతటా విడాకులు కోరే హక్కు ఇచ్చిన చట్టం అది. అందులోనే తొమ్మిదో సెక్షన్‌గా దాంపత్య హక్కుల పునరుద్ధరణ కూడా చేరింది. ఏ దావా ఆమె యవ్వనాన్ని నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిప్పిందో, ఆ దావా స్వతంత్ర భారత చట్టంలో స్థానం సంపాదించింది. ఈసారి భార్యకూ భర్తకూ సమానంగా వర్తించేలా.

జైలు శిక్ష మాత్రం అప్పటికే పోయింది. 1908 నాటి కొత్త సివిల్ ప్రొసీజర్ కోడ్ జైలుకు పంపకుండా ఉండే విచక్షణను కోర్టుకు ఇచ్చింది. 1923 సవరణతో జైలు పూర్తిగా తొలగిపోయింది. ఇప్పుడు డిక్రీని పాటించకపోతే ఆస్తి జప్తు ఒక్కటే మార్గం.

ఈ సెక్షన్‌ను గట్టిగా ప్రశ్నించింది తెలుగు నేలే. ఒక సినీ నటి భర్త కడప సబ్ కోర్టులో తొమ్మిదో సెక్షన్ కింద పిటిషన్ వేశారు. కేసు వినే పరిధి ఆ కోర్టుకు లేదని ఆమె అభ్యంతరం చెప్పారు. అక్కడ ఒప్పుకోకపోవడంతో విషయం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరింది. 1983లో జస్టిస్ పి.ఏ. చౌదరి ఆ పరిధి దగ్గరే ఆగిపోకుండా సెక్షన్‌నే పరిశీలించారు. తన శరీరం మీద, మాతృత్వం మీద నిర్ణయం తీసుకునే హక్కును స్త్రీ నుంచి లాక్కుని ప్రభుత్వం చేతిలో పెట్టే ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. సరిత కేసుగా న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదివే తీర్పు ఇది.

అది కూడా పిన్హే తీర్పులాగే ఎక్కువ కాలం నిలవలేదు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు దానికి భిన్నంగా చెప్పింది. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. వివాహాన్ని నిలబెట్టడమే ఈ సెక్షన్ ఉద్దేశమని, డిక్రీని పాటించకపోతే ఆర్థికపరమైన చర్య తప్ప మరే బలవంతమూ లేదని అన్నది. ఈ దావాకు పుట్టినిల్లయిన ఇంగ్లండ్ అప్పటికి దశాబ్దం ముందే, 1970లో చేసిన చట్టంతో, దాన్ని పూర్తిగా వదిలేసుకుంది. మన దేశంలో 2019లో ఈ సెక్షన్‌ను సవాలు చేస్తూ మళ్లీ సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది.

మరి ఇప్పుడు ఫ్యామిలీ కోర్టులో ఈ సెక్షన్ ఎందుకు వాడుతున్నారు? విడిపోయిన జీవిత భాగస్వామి నిజంగా తిరిగి రావాలని కోరుకునేవాళ్లు ఉన్నారు. ఎత్తుగా వాడేవాళ్లూ ఉన్నారు. భార్య మనోవర్తి కోసం కేసు వేయగానే భర్త కాపురానికి రమ్మంటూ తొమ్మిదో సెక్షన్ పిటిషన్ వేస్తారు. తాను వదిలేయలేదు, ఆమే రావడం లేదు అని చూపించుకోవడానికి అది పనికొస్తుంది. విడిగా ఉండటానికి తగిన కారణం ఉందని నిరూపించుకోవాల్సిన భారం విడిగా వెళ్లినవారి మీదే ఉంటుంది. డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కలిసి ఉండకపోతే ఇద్దరిలో ఎవరైనా దాన్ని ఆధారంగా చూపి విడాకులు కోరవచ్చు. కలపడానికి పుట్టిన సెక్షన్ ఆ విధంగా విడాకులకు మెట్టు కూడా అయింది.

ఈ ఎత్తుగడకు కొంతవరకు కళ్లెం పడింది. జార్ఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది. కాపురానికి వెళ్లమన్న డిక్రీని భార్య పాటించలేదన్న ఒక్క కారణంతో మనోవర్తి నిరాకరించరాదని, ఆమె వెళ్లకపోవడానికి గల కారణాలను చూడాలని చెప్పింది. రుఖ్మాబాయి అడిగింది సరిగ్గా అదే. ఎందుకు వెళ్లనంటున్నానో వినండి అని.

1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కూడా ఈ దిశలోనే వచ్చింది. అక్కడ న్యాయమూర్తి మొదట రాజీకి ప్రయత్నించాలి. కౌన్సిలర్ల సాయం ఉంటుంది. లాయరును పెట్టుకోవడం హక్కుగా ఉండదు, కోర్టు అనుమతించాలి. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే దారి 1976 సవరణతోనే వచ్చింది. ఏళ్ల తరబడి నడిచిన కుటుంబ కేసులు చాలావరకు ఆ దారిలోనే ముగుస్తాయి. ఒకేసారి ఇచ్చే భరణం మొత్తం ఖరారవుతుంది, ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులు ఉపసంహరించుకుంటారు, సంతకాలు చేస్తారు. 1888 నాటి రాజీతో పోలిస్తే ఒక్కటే పెద్ద తేడా. ఇప్పుడు ఆ సంతకాలతో పెళ్లి కూడా ముగుస్తుంది.

రుఖ్మాబాయికి ఆ అవకాశం రాలేదు. ఆమెకు కోర్టు ఇవ్వగలిగింది ఒక డిక్రీ, ఒక గడువు, ఒక జైలు గది. జైలు గదికి సిద్ధమని ఆమె చెప్పడంతో మిగతా రెండింటికీ విలువ లేకుండా పోయింది. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలపాటు సూరత్‌లో, రాజ్‌కోట్‌లో ఆమె దగ్గరికి వైద్యానికి వచ్చిన స్త్రీలు తక్కువమంది కారు. ఆ కేసులో ఆమె తలవంచి ఉంటే వాళ్లకు ఆ డాక్టరు ఉండేవారు కాదు.